మూడో వరసలో చివరి కుర్చీ

తిరువూరు
12 జూన్ 2024

మా గ్లోరికి,

మేనత్త జోజమ్మ నుంచి వందనాలు, ముద్దులు, ఒక మొట్టికాయ. మొట్టికాయ ఎందుకంటే ముందు ఉత్తరం నువ్వు రాయాలి గానీ నేను కాదు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మీ నాన్న హార్మోనియం పెట్టే. పెట్టె మీద దుప్పటి కప్పి ఉంచాను, దానికేం ఢోకా లేదు. నా సంగతే కొంచెం గందరగోళం. విజయవాడలో గొంతులో కాయ తీసిన డాక్టరు మాట్లాడొద్దన్నాడు, పాడొద్దన్నాడు, చివరికి గట్టిగా దగ్గొద్దన్నాడు. మైకులో ప్రమీలారాణి అని నా స్టేజీ పేరు చదివితే చాలు ఊళ్లకు ఊళ్లు ఈలలు వేసిన గొంతమ్మా ఇది! ఇప్పుడు నోరు తెరిస్తే తుప్పు పట్టిన గేటు తీసినట్టుంది. ఫోన్ వద్దన్నది అందుకే. నువ్వు అక్కడ హలో అంటావు, నేను ఇక్కడ కీచుమంటాను, సిగ్నల్ లేదనుకుని నువ్వు పెట్టేస్తావు. నీ వాట్సాప్ అక్షరాలు నా కంటికి ఆనవు. కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం. చేత్తో అడ్రసు రాసిన కవరు చూసి మా పోస్ట్‌మ్యాన్ కూడా మురిసిపోతాడు.

దశరథరామయ్య గారు రెడ్డిగూడెం తోట నుంచి బంగినపల్లి కాయలు పంపారు. మా నాటక సమాజానికి ఆయన ఇంకా పెద్దే, సమాజంలో మనుషులే మిగల్లేదు. మీ నాన్న ఉంటే మొదటి కాయ ముక్కు దగ్గర పెట్టుకుని, పాటకు ముందు శ్రుతి సరిచూసుకున్నట్టు కళ్లు మూసుకునేవాడు. ఫిబ్రవరిలో సమాధి దగ్గర నువ్వు ఏడవలేదు. నర్సు కదా, గుండె గట్టిది అన్నారు జనం. నేననుకోలేదు.

సరే, ఒక కథ చెబుతాను. నేను వంటమనిషి చెంగమ్మ వేషం కట్టిన రోజులు. నెమలి అనే ఊరి తిరునాళ్లలో ఆట. గరిట పట్టుకుని నా పాట ఎత్తుకున్నాను:

పొయ్యి మీద పప్పుంది, పప్పులోన ఉప్పుందా?
ఉప్పు సంగతి నాకెందుకు, నా మనసిక్కడ ఉందా?

అంతలో ఎక్కడి నుంచో ఒక మేక స్టేజీ ఎక్కి కుండలో మూతి పెట్టింది. నేను పాట ఆపేసి దానివంక చూశాను. మీ నాన్న మరియదాసు మాత్రం మొహంలో ఒక్క గీత కదలకుండా, మహారాజు ప్రవేశించేటప్పుడు వాయించే ముక్క వాయించాడు. మేక తలెత్తి దర్బారు చూసినట్టు జనాన్ని చూసింది. ఇక వన్స్ మోర్, వన్స్ మోర్ అని ఒకటే గోల. జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ చెయ్యాల్సిందే, అది మా స్టేజీ ధర్మం. మేకను దింపి మళ్ళీ ఎక్కించారు. రెండోసారి అది కుండ ముట్టుకోలేదు. ఉప్పు లేదని దానికి తెలిసిపోయింది.

నవ్వావా? నిజం రాయి.

నీ కీచుగొంతు అత్త,
జోజమ్మ

*

రూర్కెలా
30 జూన్ 2024

అత్తయ్యకు,

గ్లోరి వందనాలు. ఉత్తరం అందింది. స్టీఫెన్‌కు ఈ నెల ప్లాంటులో నైట్ షిఫ్టు, నాకు పగలు డ్యూటీ. మేమిద్దరం గుమ్మంలో ఎదురుపడి పలకరించుకుంటున్నాం. ఇక్కడ వానలు మొదలయ్యాయి.

మేక కథ బాగుంది అత్తయ్యా.

నువ్వు రాసే నాన్న నాకు తెలిసిన నాన్న కాదు. ఇంట్లో నాన్న నవ్వగా నేను చూడలేదు. హార్మోనియం తుడుచుకునేవాడు, పేపరు చదువుకునేవాడు, మొక్కలకు నీళ్లు పోసేవాడు. పెద్దయ్యాక పక్కన కూర్చుని నాలుగు మాటలు అడగాలనుకుంటూనే ఇన్నేళ్లు గడిపేశాను. ఇక్కడి చర్చి కోయిర్లో పాడమని అడుగుతున్నారు. పాట ఎత్తుకుంటే హార్మోనియం వినపడుతున్నట్టుంటుంది, నోరు పెగలదు. మానేశాను.

గొంతుకు ఆవిరి పడుతున్నావా? బీపీ మాత్ర ఉదయం టిఫిన్ తర్వాతే వేసుకో. పచ్చళ్లు తగ్గించు.

ఉంటాను,
గ్లోరి

*

తిరువూరు
18 జూలై 2024

రూర్కెలా నర్సమ్మ గారికి,

పచ్చళ్లు తగ్గించలేదని మనవి చేసుకుంటున్నాను.

"బాగుంది అత్తయ్యా" అని రాశావు. ఒసే, హాస్యపాత్ర వేసేదానితో ఆ మాట అనకూడదే! నాటకం అయ్యాక పెద్దమనుషులు తెర వెనక్కి వచ్చి, చేతులు కట్టుకుని, "బాగుందమ్మా, చాలా బాగుంది" అన్నారంటే నవ్వలేదనే అర్థం. నవ్వినవాళ్లకు మాట రాదు. కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీద ఒక్కటి వేసి పోతారు. నా ఎడమ భుజం ఈ రోజుకీ కొంచెం కిందికే ఉంటుంది, చూడు.

విశేషం ఏమిటంటే, దశరథరామయ్య గారు మా పాత నాటకం మళ్ళీ వేయిస్తున్నారు. డిసెంబరులో, ఇక్కడే. చెంగమ్మ వేషం ఎవరికనుకున్నావు? సీతారావమ్మ గారికి! ఔను, నీకు ఎనిమిదో తరగతిలో గోడకుర్చీ వేయించిన హెడ్మిస్ట్రెస్సే. రిటైరయ్యాక ఇంట్లో తోచడం లేదట. "జోజమ్మ గారూ, నా జీవితంలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదండి, ఒక్కసారి నవ్వించాలని ఉందండి" అంది. ఆ మాటతో పడిపోయాను. రోజూ మధ్యాహ్నం వస్తోంది. నాకు గొంతు లేదు, ఆమెకు నవ్వు లేదు. వేళ్లతో, కనుబొమలతో నేర్పుతున్నాను. మొదటి పాఠం ఏం చెప్పానంటే, జనం మొత్తానికి ఆడకూడదు, నవ్వని మొహం ఒకటి వెతుక్కుని దానికి ఆడాలి. అది నవ్విందా, మిగతా జనం ఎప్పుడో నవ్వేసి ఉంటారు. ఆ మొహం సాధారణంగా మూడో వరసలో చివరి కుర్చీలో ఉంటుంది. ఎందుకో తెలీదు, ఏ ఊళ్లోనైనా అక్కడే.

పెనుగొలను ఆట సంగతి నీకు చెప్పానా? పప్పు పాట పాడుతుంటే ఒక దూడ స్టేజీ ఎక్కి నా కొంగు నమలడం మొదలుపెట్టింది. నేను లాగుతాను, అది లాగుతుంది. పాట ఆపితే ఒట్టు! మీ నాన్న నెమ్మదిగా హార్మోనియంతో అంబా అనిపించాడు. దూడ నా కొంగు వదిలేసి, వెళ్లి ఆయన చెంప నాకింది. ఆయన అదే మొహంతో, అలాగే నాకించుకుంటూ, ఇంకోసారి అంబా అనిపించాడు. ఇక వన్స్ మోర్లు ఆగితేనా!

ఈసారి బాగుంది అని మాత్రం రాయకు.

ముక్కు మీద కోపంతో,
నీ అత్త

*

రూర్కెలా
4 ఆగస్టు 2024

ప్రియమైన అత్తయ్యా,

కోప్పడకుండా ఈ ఉత్తరం నిదానంగా చదువు.

జూన్‌లో నెమలి అన్నావు, మేక అన్నావు. జూలైలో పెనుగొలను అన్నావు, దూడ అన్నావు. పాట అదే, నాన్న అదే, వన్స్ మోరూ అదే. పైగా ఇదివరకు ఏమీ చెప్పనట్టే, నీకు చెప్పానా అని మొదలుపెట్టావు. నేను పని చేసేది పెద్దవాళ్ల వార్డులో. చెప్పిందే చెప్పడం, చెప్పిన ప్రతిసారీ ఊరూ పేరూ మారిపోవడం మేం రోజూ చూస్తాం. మా డాక్టరు గారిని అడిగితే ఒకసారి పరీక్ష చేయించమన్నారు.

అనుమానం తీరక పక్కింటి సుబ్బాయమ్మ గారికి ఫోన్ చేశాను. ఆమె చెప్పింది విన్నాక నిద్ర పట్టలేదు. సీతారావమ్మ గారు వెళ్లిపోయాక కూడా అద్దం ముందు ఒక్కదానివే మొహాలు పెడుతున్నావట. నాన్న హార్మోనియం ముందు కూర్చుని, పాటా కాదు పద్యమూ కాదు, ఏవో మెట్లు నొక్కుతూ పెదవులు కదుపుతున్నావట. "మరియదాసు గారితో మాట్లాడుతున్నట్టే ఉందమ్మా, నాకు భయమేసి తలుపేసుకున్నాను" అన్నారు.

అత్తయ్యా, ఈ నాలుగింటికీ జవాబు రాయి, ఎవరినీ అడక్కుండా. ఈ రోజు ఏ వారం? మన ఊళ్లో కిందటిసారి ఓట్లు ఎప్పుడు వేశారు? నిన్న రాత్రి ఏం తిన్నావు? వందలోంచి ఏడు తీసేసుకుంటూ పోతే ఏం వస్తాయి?

కొన్నాళ్లు ఇక్కడికి వచ్చి మా దగ్గర ఉండకూడదూ? స్టీఫెన్ కూడా అదే అంటున్నాడు.

ప్రేమతో,
గ్లోరి

*

తిరువూరు
22 ఆగస్టు 2024

పరీక్షలు పెట్టే పంతులమ్మకు,

జవాబులు. ఒకటి, గురువారం. రెండు, మే నెల ఎండలో వేశాం, నా వేలి మీద సిరా జూన్ దాకా పోలేదు. మూడు, గోంగూర, పెరుగు, నీ మీద కోపం. నాలుగు, వందలోంచి ఏడు తీసేస్తూ పోవడం నాకు చిన్నప్పుడే రాలేదు. సుందరరావు మాస్టారు తొడపాశం పెట్టినా రానిది డెబ్భై అయిదో ఏట నువ్వు అడిగితే వస్తుందా? ఎవరినీ అడగలేదు. సుబ్బాయమ్మ అడక్కుండానే చెప్పబోతే పొమ్మన్నాను.

అద్దం నాది, మొహం నాది, హార్మోనియం నా తమ్ముడిది. మధ్యలో సుబ్బాయమ్మకేం పని? తలుపేసుకుందట! నాటకాల రోజుల్లో టికెట్టు లేకుండా గోడ దూకి వచ్చిన మనిషి.

ఇదంతా కాదు గానీ, నీకేదో బాగోలేదని నాకర్థమైంది. ఉన్నపళంగా రమ్మంటున్నావంటే ఒంట్లో ఏదో పెట్టుకుని నాకు చెప్పడం లేదు. స్టీఫెన్ కూడా రమ్మంటున్నాడంటే అనుమానమే లేదు, ఆ అబ్బాయి పెళ్లిలోనే నాతో రెండు మాటలకు మించి మాట్లాడలేదు. ఆదివారం నీ ఆరోగ్యం కోసం ఫాదర్ గారితో పూజ చెప్పించాను. చర్చిలో అందరూ మోకరించి నీకోసం ప్రార్థించారు. కంది పొడి పంపుతున్నాను, వేడన్నంలో నెయ్యి వేసుకుని తిను.

తింటూ ఇది చదువు. రెడ్డిగూడెంలో ఆట. పప్పు పాట సగంలో ఉన్నాను. ఒక కోడి వచ్చి, దర్జాగా పప్పు కుండలో కూర్చుని, గుడ్డు పెట్టింది. మీ నాన్న ఏం చేశాడనుకున్నావు? జోలపాట వాయించాడు. నేను గరిట కింద పడేసి గుడ్డెత్తుకుని ఊపాను. జనంలో ముసలివాళ్లు కూడా కుర్చీలెక్కి వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పెట్టమంటే కోడి ఒప్పుకోలేదు, నేనే కుండలో కూర్చున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త.

ప్రార్థనలతో,
అత్త

*

రూర్కెలా
2 అక్టోబరు 2024

అత్తయ్యా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వెంటనే రాయలేకపోయాను. నాకే జబ్బూ లేదు. ఉన్నట్టు నీకు తోచింది చూడు, దానికే భయపడుతున్నాను. నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నానని ఊరంతా అనుకుంటోందట. రోజుకొకరు ఫోన్ చేసి ఎలా ఉందమ్మా అంటున్నారు.

ఇప్పుడు కోడి. ఊరు రెడ్డిగూడెం.

నీ కథలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివాను. నవ్వు రాలేదు అత్తయ్యా. నాన్న గుండె మధ్యాహ్నం భోంచేస్తుండగా ఆగిపోయింది. నేను రైలు దిగేసరికి అంతా అయిపోయింది. నా వాళ్లని చెప్పుకోవడానికి పుట్టింట్లో మిగిలింది నువ్వొక్కదానివే. నువ్వు రోజుకింత చొప్పున నన్ను మరిచిపోతుంటే దూరంగా కూర్చుని ఉత్తరాల్లో చూడలేను. అది నా వల్ల కాదు.

అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను. డిసెంబరు మొదట్లో సెలవు పెట్టి వస్తాను. నాటకం అయ్యాక, పదో తేదీన, విజయవాడ నుంచి మనిద్దరికీ రైలు టికెట్లు తీశాను. నీకు కింది బెర్తు. ఇల్లు సుబ్బాయమ్మ గారు చూసుకుంటానన్నారు. కాదనకు అత్తయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ గ్లోరి

*

తిరువూరు
9 నవంబరు 2024

గ్లోరీ,

చదివాను. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎటూ మాట్లాడను కదా, ఎవరూ గమనించలేదు.

నేను ఈ ఊళ్లో పుట్టాను, ఈ ఊరు నవ్వితే నా కడుపు నిండింది. బజారులో కూరగాయలమ్మే ఆవిడ ఇప్పటికీ నన్ను చూడగానే, "పప్పులోన ఉప్పుందా" అని రాగం తీసి ఒక వంకాయ ఎక్కువ వేస్తుంది. ఈ ఊరు వదిలి, నన్నెవరూ ఎరగని చోట, మంచి మందులు వేసుకుంటూ బతకడం నాకిష్టం లేదు. ఇష్టం లేదని పైకే చెబుతున్నాను. కానీ నువ్వు ఏడుస్తూ రాశావు. కాగితం మీద తెలిసింది. నిన్ను ఏడిపించి నేనిక్కడ సుఖంగా ఉండలేను.

వస్తాను. ఒక్క షరతు. డిసెంబరు ఎనిమిది ఆదివారం సాయంత్రం మార్కెట్ యార్డులో నాటకం. మూడో వరసలో కుడిపక్క చివరి కుర్చీలో నువ్వు కూర్చోవాలి. నీ పేరు రాసి పెట్టిస్తాను. పప్పు పాట అయ్యేదాకా లేవకూడదు, ఫోన్ చూడకూడదు. ఆ తర్వాత కూడా నన్ను తీసుకుపోవాలనే అనిపిస్తే, ట్రంకు పెట్టె సర్దుకుని వరండాలో కూర్చుని ఉంటాను. మారు మాట్లాడను.

ఈసారి కథ లేదు.

జోజమ్మ

*

రూర్కెలా
13 డిసెంబరు 2024

అత్తయ్యకు గ్లోరి రాసేది,

నిన్న చేరాను. నీ బెర్తు మీద సుబ్బాయమ్మ గారిచ్చిన ఉసిరి పచ్చడి సీసా విజయవాడ నుంచి రూర్కెలా దాకా దర్జాగా పడుకుని వచ్చింది. ఆ రెండు రోజులూ మాట్లాడుకుందామంటే నీ ఇంటికి వచ్చేపోయేవాళ్లు తెరిపివ్వలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సాయంత్రం నువ్వు చెప్పిన కుర్చీలోనే కూర్చున్నాను. నువ్వెక్కడా కనపడలేదు. తెర వెనక ఉన్నావన్నారు. సీతారావమ్మ గారు చెంగమ్మ వేషంలో, ముక్కుకు బులాకీ పెట్టుకుని, గరిట పట్టుకుని వచ్చారు. నాకు గోడకుర్చీ గుర్తొచ్చి సర్దుకుని కూర్చున్నాను. హార్మోనియం మొదలైంది. శ్రుతి కొంచెం అటూ ఇటూగా ఉంది. అయినా ఆ పెట్టె శబ్దం నాకు తెలీదా? ఎవరు వాయిస్తున్నారో చూద్దామంటే స్టేజీ పక్కన చీకటి.

"పొయ్యి మీద పప్పుంది, పప్పులోన ఉప్పుందా" అన్నారావిడ. అంతే. రెండో పాదం రాలేదు. హార్మోనియం కూడా ఆగిపోయింది. ఆవిడ గరిట వంక చూశారు. కుండ వంక చూశారు. మళ్ళీ గరిట వంక చూశారు. "అయ్యో పాపం, మరిచిపోయింది" అంది ముందు వరసలో ఒక కుర్రపిల్ల. వెనక ఎవరో దగ్గారు. ఎవరైనా తెర దించేస్తే బాగుండుననిపించింది.

అప్పుడు హార్మోనియం వెనక నుంచి, తుప్పు పట్టిన గేటు తీసినట్టు, ఒక గొంతు వచ్చింది.

"అక్కా, పప్పు మాడిపోతోంది!"

సీతారావమ్మ గారు ఉలిక్కిపడి కుండలో గరిట పెట్టి తిప్పిన తిప్పుడికి యార్డంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను అత్తయ్యా. మొదట ముక్కులోంచి వచ్చింది, ఆపుకుందామనుకున్నాను, కుదరలేదు. కడుపు పట్టుకుని ముందు కుర్చీ మీదికి వంగిపోయాను. జనం వన్స్ మోర్ అని అరుస్తుంటే నేనూ లేచి అరిచాను. ఆవిడ మళ్ళీ పాడి, మళ్ళీ అక్కడే ఆగి, మళ్ళీ గరిట వంక చూసేసరికి నా నవ్వు ఏడుపులోకి తిరిగింది. ఫిబ్రవరిలో రావాల్సిన ఏడుపు. నా పక్కన కూర్చున్న సుబ్బాయమ్మ గారు తన కొంగు ఇచ్చి ఏమీ అడగలేదు. ఆవిణ్ని ఇంకేమీ అనకు.

మర్నాడు పొద్దున చూస్తే చెప్పులేసుకుని, ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని, వరండాలో కూర్చుని ఉన్నావు. మతి తప్పిన మనిషి అంతమందితో అంత బాగా ఆట నడపలేదు. నువ్వు ఎక్కడికీ రానక్కర్లేదన్నాను. పెట్టె నేనే లోపలికి మోశాను. తేలిగ్గా ఉంది. ఖాళీ కదూ?

నాకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. సీతారావమ్మ గారు నిజంగా మరిచిపోయారా? నీకంటే అంత చిన్నావిణ్ని పట్టుకుని అక్కా అన్నావేమిటి? ఇంతకీ మేకా, దూడా, కోడీ?

నీ మేనకోడలు,
గ్లోరి

*

తిరువూరు
27 డిసెంబరు 2024

నవ్విన నా తల్లికి,

క్రిస్మస్ దీవెనలు. పెట్టె ఖాళీ కాదు, అందులో గరిట ఉంది. రూర్కెలా వచ్చినా ఖాళీగా కూర్చునేదాన్ని కాదు.

మేకా లేదు, దూడా లేదు, కోడీ లేదు. నవ్వని మొహం ఒకటి రూర్కెలాలో ఉంది. నాకు గొంతు లేదు, కలం ఉంది. ఆ మొహానికి ఆడాను. ఒక ఊళ్లో నవ్వు రాకపోతే ఇంకో ఊరు, మేకకు రాకపోతే దూడ. స్టేజీ మీద ఎన్నేళ్లు చేసిందీ అదే పని. మరి ఆ మాట ముందే రాయకూడదా అంటావు. నవ్విస్తున్నానని చెప్పి నవ్విస్తే ఎవరు నవ్వుతారే? మతి పోయిందనిపించుకోవడానికైనా ఒప్పుకున్నాను గానీ అది చెప్పడానికి ఒప్పుకోలేదు. నువ్వు టికెట్లు తీసేదాకా వెళతావని మాత్రం అనుకోలేదు.

ఇప్పుడు నిజంగా జరిగింది చెబుతాను. నువ్వు నవ్వాక చెబుదామని దాచుకున్నాను.

నాకు ఇరవై ఏళ్లు. మొదటిసారి చెంగమ్మ వేషం, ఈ తిరువూరులోనే. మొదటి పాదం పాడాను, రెండోది పోయింది. పూర్తిగా పోయింది. ఎదురుగా జనం, చేతిలో గరిట, బుర్రలో ఏమీ లేదు. మీ నాన్నకు అప్పటికి మీసాలు కూడా సరిగా రాలేదు. హార్మోనియం ముందు తల దించుకుని కూర్చునేవాడు, బయటివాళ్ల ముందు నోరు విప్పేవాడు కాదు. ఇంట్లో నేను పొయ్యి దగ్గర ఏదో ఆలోచిస్తూ నిలబడిపోయినప్పుడు వాడు అరుగు మీద నుంచి ఒక కేక వేసేవాడు. అదే కేక, అదే కంగారుతో, అంతమంది ముందు వేసేశాడు. "అక్కా, పప్పు మాడిపోతోంది!" నేను నిజంగానే ఉలిక్కిపడి గరిట తిప్పాను. జనం నవ్విన నవ్వుకు షామియానా ఊగింది. వన్స్ మోర్ అన్నారు. మరిచిపోయింది మళ్ళీ మరిచిపోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు! అయినా చేశాను, వాడు మళ్ళీ కేక వేశాడు.

ఆ తర్వాత ఏ ఊళ్లో ఆడినా అక్కడే మరిచిపోయాను, వాడు అక్కడే కేక వేశాడు. తెర వెనక ఇంకెవరో నటుడున్నాడనుకునేవారు జనం. పేరు వేయిద్దామంటే వద్దనేవాడు. ప్రమీలారాణిని చూసి నవ్వినవాళ్లందరూ ముందు మరియదాసు కేకకు నవ్వినవాళ్లే. మీ నాన్న ఇంట్లో నవ్వగా చూడలేదన్నావు. ఉన్న నవ్వంతా ఊళ్లకు పంచేసి వచ్చేవాడమ్మా, ఇంటికొచ్చేసరికి మిగిలేది కాదు.

సీతారావమ్మ మరిచిపోలేదు. జూలై నుంచి మేము సాధన చేసింది ఆ మరుపే. పాట ఆవిడకు వారంలో వచ్చింది, మరిచిపోవడం రావడానికి అయిదు నెలలు పట్టింది. జీవితంలో ఏదీ మరవని హెడ్మిస్ట్రెస్సు కదా! నేను హార్మోనియం నేర్చుకున్నది ఆ కేక కోసమే. అది ఆ పెట్టె వెనక నుంచే రావాలి. మాట మార్చలేదు, అక్కా అనే ఉంచాను. అది మీ నాన్న మాట. నేను దాన్ని ముట్టుకోను.

ఆ సాయంత్రం నేను సీతారావమ్మను చూడలేదు, జనాన్ని చూడలేదు. చీకట్లోంచి మూడో వరసలో చివరి కుర్చీనే చూస్తూ కూర్చున్నాను. నువ్వు ముందుకు వంగిపోవడం చూశాను. అచ్చం మీ నాన్న తల వంచుకున్నట్టే ఉంది. నా ఆటల్లో అంతకన్నా మంచి ఆట లేదు.

గొంతు డాక్టరు మళ్ళీ తిట్టాడు. తిట్టనీ.

నీ అత్త,
తిరువూరు జోజమ్మ, ఉరఫ్ ప్రమీలారాణి

*

రూర్కెలా
6 జనవరి 2025

అత్తయ్యా,

నీ ఉత్తరం డ్యూటీ రూములో చదివాను. బాగుందని రాయను. నవ్వుతూ ఏడుస్తుంటే తోటి నర్సులు పరుగెత్తుకొచ్చారు. వాళ్లకు విషయం చెప్పబోతే మాట రాలేదు. భుజం మీద ఒక్కటి వేద్దామంటే నువ్వు దగ్గర లేవు.

నాన్న కథ మళ్ళీ చెప్పు. ఈసారి ఏ ఊరో నీ ఇష్టం. మేకను కూడా పెట్టు.

వన్స్ మోర్!

గ్లోరి